ఏడో ఎక్కం

గాంధీజీ శతజయంతి ఏడాది, 1969లో జాతీయ సేవా పథకం, అదే ఎన్నెస్సెస్, పుట్టింది. పల్లెల్లో సేవ చేసిన ఫాదర్ ఫెర్రర్ అనంతపురంలో అడుగుపెట్టిందీ ఆ ఏడాదే. నాకు ఆ రెండూ జంటగానే గుర్తొస్తాయి.

డిగ్రీలో ఉండగా కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో మా ఏడు రోజుల ఎన్నెస్సెస్ శిబిరం. పగలు వీధులు ఊడ్చాం, మొక్కలు నాటాం. మనసులో నిలిచినవి మాత్రం సాయంత్రాలే. వేపచెట్టు కింద చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పేవాళ్లం. వాన మొహం చాటేసి చెనిక్కాయ ఎండిపోతే, అమ్మానాన్నలు బెంగుళూరుకు కూలికి పోయారు. అవ్వ దగ్గర మిగిలిన పిల్ల ఒకతె, రాసిన పలక తుడవనిచ్చేది కాదు. "అవ్వకు చూపియ్యాలక్కా" అంటూ గుండెకు హత్తుకునేది. సుద్దంతా గౌనుకు అంటేది.

బస్సెక్కుతుంటే "మళ్లా ఎప్పుడొస్తావు?" అంది. నోట మాట రాలేదు. అప్పటికి తను ఏడో ఎక్కం సగంలో ఉంది.

ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) పల్లెల్లో నడిపిన అదనపు బళ్ల విలువ నాకు ఆరోజే తెలిసింది. మా శిబిరంలా కాదు, అవి మర్నాడూ ఉండేవి.

ఎన్నెస్సెస్ ప్రోగ్రాం ఆఫీసర్లకు నా విన్నపం ఒక్కటే. శిబిరం ముగిశాక కూడా నెలకో ఆదివారం మీ విద్యార్థులను ఆ పిల్లల దగ్గరికే మళ్లీ పంపండి.