కేబుళ్ళు తెగిన వారం

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున రెండు ఇంటర్నెట్ కేబుళ్ళు తెగాయి. మర్నాటి మర్నాడు, ఫిబ్రవరి 1న, దుబాయ్ తీరానికి కాస్త దూరంలో ఫాల్కన్ అనే ఇంకోటి తెగింది. ఎవరో వదిలేసిన లంగరు దాన్ని కోసేసిందని తర్వాత తేలింది. గల్ఫ్‌లోనూ ఇండియాలోనూ నెట్ నత్తనడక పట్టింది. అప్పుడు మేం దుబాయ్‌లోనే, ఇంటర్నేషనల్ సిటీ అనే కాలనీలో, చైనా క్లస్టర్‌లో ఉండేవాళ్ళం. నేను ఆరో తరగతి.

కాలనీ అప్పటికింకా కొత్తది. పర్షియా, రష్యా, మొరాకో అని క్లస్టర్లకి దేశాల పేర్లు. బిల్డింగులకి మాత్రం అక్షరం, అంకె. చుట్టూ ఇసుక, క్రేన్లు. పక్కనే కిలోమీటరుకు పైగా పొడవున డ్రాగన్ మార్ట్ అనే బజారు.

ఇంట్లో నెట్ అంటే హాల్లో ఓ మూల గుడ్డ కప్పిన కంప్యూటర్. రాత్రి భోజనాలయ్యాక నాన్న ఈనాడు చదివి, మెయిల్ చూసి మళ్ళీ గుడ్డ కప్పేసేవారు. ఆ వారం పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. నాన్న లేచి, ఫ్యాన్ కొన్నప్పటి అట్టపెట్టె విప్పి స్కెచ్ పెన్నుతో అష్టాచమ్మా గళ్ళు గీశారు. గవ్వలు లేవు. అమ్మ చింతపండులోంచి గింజలు ఏరి ఇస్తే, ఒక్కో గింజనీ బాల్కనీ గచ్చు మీద ఒక పక్క తెల్లబడేదాకా అరగదీశాను. వేలి కొనలు మండాయి.

పై అంతస్తులో బెడ్‌స్పేస్‌లో, అంటే గదిలో ఒక్క మంచం అద్దెకి తీసుకుని, ఉండే నిజామాబాద్ అన్న కూడా ఆటకి వచ్చేవాడు. కింద ఫోన్ బూత్‌లో కార్డు అయిపోయేదాకా మాట్లాడి వచ్చి, "అమ్మకు కాళ్ళనొప్పులు తగ్గినయట, మక్కలు అమ్మిండ్రట" అని మాకు అంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చూడని ఆ అమ్మ కోసం మా అమ్మ కూడా దిగులుపడేది. ఒకరికొచ్చిన కబురు ఇంటిల్లిపాదికీ చేరేది. ఇప్పుడు ఎవరి కబురు వాళ్ళ చేతిలోనే వెలిగి ఆరిపోతోంది. నాకు బాధ అక్కడే.

నెట్‌ని నేను తిట్టను. కోవిడ్‌లో పిల్లల చదువులు నిలబెట్టింది అదే. దానికి మళ్ళీ ఒక వేళ, ఒక మూల ఉండాలని మాత్రం గట్టిగా అనుకుంటాను. 2022 నుంచి ఇక్కడ దుబాయ్‌లో ప్రభుత్వ ఆఫీసులకి శుక్రవారం ఒంటిపూటే అయింది, మా ఆఫీసూ అదే పాటిస్తుంది. ఆ సాయంత్రం రౌటర్ ఆపేసి, నెట్ తీసేసిన ఫోన్లు సొరుగులో పెడతాం. మా పాప నా ఒళ్ళో కూర్చుని మాట్లాడితే దాని ముఖం చూస్తూ వింటాను.

గుంటూరులో ఉన్న నాన్న మొదట్లో కంగారుపడ్డారు. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి రోజూ బోటిమ్ యాప్‌లోనే మాట్లాడతారు. శుక్రవారం మాత్రం మామూలు నంబరుకి చేస్తున్నారు. నిమిషాలకి డబ్బులు పడతాయని, చెప్పాల్సినవన్నీ ముందే కాగితం మీద రాసుకుని మరీ చేస్తారు.