ఒక గది, రెండు పక్షములు

మేము 2000వ సంవత్సరమున ఎం.ఏ. తరగతిలో అర్థశాస్త్రమును చదువుచుంటిమి. వసతిగృహమున మా గదిలో నుండిన మిత్రుడు భూవసతిగల రైతు కుమారుడు. మా తల్లిదండ్రులు కూలికి పోయి, బియ్యము కొని తినువారు. రాజకీయములందును మేమిరువురము చెరియొక పక్షము. వరికి కనీస మద్దతు ధర హెచ్చవలెనని యతడును, హెచ్చినచో కొని తినువారి గతి యేమని మేమును నిత్యము వాదించెడివారము. ఒకనాటి రాత్రి కోపము పట్టజాలక, "ఆకలి యననేమో నీకేమి తెలియును?" అంటిమి. అతడు మారుమాటాడక పండుకొనెను. పదునైదు దినములు మాకు మాటలు లేవు.

ఇట్లుండగా మా యుపాధ్యాయులొకరు తరగతిలో అంబేద్కరుగారి 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' యను గ్రంథమును చూపిరి. లండనులో 1923లో వెలువడిన యా గ్రంథమునకు ముందుమాట వ్రాసినవారు గురువుగారైన ఎడ్విన్ క్యానన్. శిష్యుని విమర్శలలో పెక్కింటితో తాము ఏకీభవింపమని చెప్పుచునే, అందలి నవ్యతను వారు మెచ్చుకొనిరి. మాకు సిగ్గు కలిగెను.

ఆ సాయంకాలము మేమే మిత్రుని పిలిచి, "మీ నాయనకు ఎకరమునకు పెట్టుబడి యెంత యగును?" అని యడిగితిమి. అతడు కాగితముపై దుక్కి, విత్తనము, ఎరువు, కోతకూలి యని వరుసగా వ్రాసెను. కోతకూలి యొద్ద కలము నిలిచెను. ఆ పద్దు వారింట వ్యయము; మా యింట అన్నము. ఇరువురమును చాలసేపు దానినే చూచుచు కూర్చుంటిమి.

మా యభిప్రాయములు నేటికిని కలియలేదు, స్నేహము చెడలేదు. విద్యార్థులారా! ఎదుటివానిని ఖండించుటకు ముందు వాని లెక్కను ఒకసారి చదువుడు.