పాదాలు మర్చిపోయాయి

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని అబెబె బికిలా వట్టి కాళ్లతో గెలిచాడని చదివిన మర్నాడే నేనూ బూట్లు విప్పేశా. మొదటిరోజే మూడు కిలోమీటర్లు. చిన్నప్పుడు ఊళ్లో చెప్పుల్లేకుండా తిరిగినవాణ్ని, నాకేంటి అనుకున్నా. తెల్లారేసరికి పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోయా. అయినా ఆపలేదు. రెండో వారానికి పాదం మీద, వేళ్లకు కాస్త వెనగ్గా, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. ఎముకకి సన్నటి పగులు అన్నారు డాక్టర్. ఆరు వారాలు పరుగు బంద్. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి మిగిలింది రెండు నెలలే. 1600 మీటర్లు టైమ్‌లో పూర్తిచేయలేకపోయా.

మెత్తటి బూట్లలో మడమ ముందు ఆనించే అలవాటు నాది. అవి తీసేస్తే పాదం ముందుభాగం ఆనుతుంది, భారం పిక్కల మీదికొస్తుంది. కండ త్వరగానే సర్దుకుంటుంది, ఎముకకే టైమ్ కావాలి. ఆ టైమే నేనివ్వలేదు.

ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టా. రెండు వారాలు మేడమీద నడకే. తర్వాత గ్రౌండ్‌లో రోజు విడిచి రోజు రెండు నిమిషాలు, మిగతాదంతా బూట్లతోనే. వారానికో నిమిషం పెంచుతున్నా. పిక్కలు లాగితే ఒకరోజు ఆగుతా. ఎముక మీద ఒక్కచోటే నొప్పి తెలిస్తే మాత్రం అక్కడికక్కడే ఆపేస్తా.

నానమ్మ మాత్రం రోజూ అడుగుతోంది, "బూట్లకి డబ్బుల్లేవా నాన్నా?" అని.