శంషాబాదు విమానాశ్రయములో ఒక రాత్రి

మొన్న మా వదినెగారితోను, మేనకోడలితోను గూడి మేము కాశీయాత్రకు బయలుదేరితిమి. విమానము తెల్లవారుజాముననే యుండుటచే రాత్రి రెండుగంటలకే శంషాబాదు చేరితిమి. 2008వ సంవత్సరము మార్చిలో హైదరాబాదు విమానముల రాకపోకలు బేగంపేటనుండి ఇచ్చటికి మారినవి. బేగంపేట కేంద్రముగా నుండిన దక్కను ఎయిర్వేస్‌లోనే ప్రేమ్ మాథుర్‌గారు పైలటుగా జేరి, మన దేశమున అట్టి యుద్యోగము పొందిన తొలి మహిళయైరి.

మేనకోడలు గణిత, భౌతికశాస్త్రములతో బి.ఎస్సీ. ముగించినది. విమానాశ్రయమున పనిచేయవలెనని దాని కోరిక. "రాత్రియనక పగలనక ఆడపిల్ల కదేమి పని!" యని వదినెగారి యభ్యంతరము.

లోపల అద్దపుగోడ ప్రక్క కూర్చుండి చూచితిమి. విమానము వచ్చి నిలిచినదో లేదో, చక్రములకు అడ్డుదిమ్మలు వేయువారు, సామానులు దించువారు, ఇంధనము నింపువారు చుట్టును మూగిరి. ఆవల 4,260 మీటర్ల ప్రధాన రన్‌వే. దాని కొనలయందలి 09, 27 అను అంకెలు తూర్పు పడమరలకు గుర్తులు. గాలికెదురుగా దిగుట క్షేమము గావున, గాలినిబట్టి యే కొనకు రావలెనో గోపురమునందలి కంట్రోలర్లు తెలుపుదురు. వారి యనుమతి లేనిదే విమానము దిగరాదు, లేవరాదు.

ఈ కంట్రోలర్లను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియావారు పరీక్ష పెట్టి యెన్నుకొందురు. మా పిల్ల చదివిన చదువుగాని, ఇంజనీరింగుగాని చాలును. ప్రవేశపరీక్షతోబాటు కంఠస్వరపరీక్ష, వైద్యపరీక్షయు గలవు. పిమ్మట శిక్షణ నిత్తురు. సొమ్ము పుచ్చుకొని ఉద్యోగ మిప్పింతుమని చెప్పు దళారులను మాత్రము సోదరీమణులు నమ్మరాదు.

విమానమెక్కు ద్వారమువద్ద చీట్లు చూచుచున్న యువతిని వదినెగారు, "ఇంత రాత్రి యిల్లెట్లు చేరెద వమ్మా?" అని యడిగిరి. "మా సంస్థ బండి వాకిటివరకు దింపునండీ. తొలినెల అమ్మ నిద్రపోలేదు; ఇప్పుడు పోవుచున్న" దని యామె నవ్వెను.

కూర్చున్న కొంతసేపటికి వదినెగారు కూతురివైపు తిరిగి, "నీవు పుట్టిననాడు రాత్రియంతయు మేలుకొన్న నర్సమ్మయు ఒక తల్లి బిడ్డయే గదా! పరీక్షకు చదువుము. బండి మాటమాత్రము నేనే వచ్చి కనుగొందు" ననిరి.

పిల్ల మారు పలుకక తల్లి చేయి పట్టుకొనెను. విమానము కదలెను.