పొట్టేలు పిలిస్తే వచ్చారు

ఇంగ్లండ్‌లో మేముండే రెడింగ్‌లో ఒక వ్యవసాయ మ్యూజియం ఉంది. పేరు మ్యూజియం ఆఫ్ ఇంగ్లిష్ రూరల్ లైఫ్. రెడింగ్ యూనివర్సిటీ వాళ్లు 1951లో పెట్టారు. గుర్రబ్బండ్లు, నాగళ్లు, అల్లిన బుట్టలు, పాత పనిముట్లు. టికెట్టు లేదు. అయినా మన తెలుగిళ్లలో పిల్లల్ని రమ్మంటే "నాగళ్లు చూడ్డానికా?" అని మొహం చిట్లించేవాళ్లు. ఊళ్లో తాతగారి పాకలో మూలన పడున్న సరుకే కదా, అద్దం వెనక పెడితే మాత్రం ఎవరొస్తారు!

2018 ఏప్రిల్‌లో ఆ మ్యూజియం వాళ్లు పాత ఫొటోల్లోంచి ఒక ఎక్స్‌మూర్ జాతి పొట్టేలును తీసి ట్విటర్‌లో పెట్టారు. ఒళ్లంతా ఉన్ని, అడ్డంగా నిండిన శరీరం. దాని కింద ప్రకటన భాష లేదు, జాతి లక్షణాల వివరణా లేదు. ఇంత భారీ జీవం కనిపిస్తే కుర్రాళ్లు తమలో తాము ఏమనుకుంటారో అదే ఒక్క ముక్కలో రాశారు. లక్షకు పైగా లైకులొచ్చాయి. ఆ తర్వాతి ఏడాది ఈలాన్ మస్క్ ఆ పొట్టేలునే తన ప్రొఫైల్ బొమ్మగా పెట్టుకున్నాడు. "నాన్నా, ఇది మన ఊరి మ్యూజియమే" అని మా అమ్మాయి నాకు చూపించింది. అన్నేళ్లుగా నేను చెప్పిన మాట చెవికెక్కలేదు, పొట్టేలు మాట ఎక్కింది.

గాలివాటం అనుకోకండి. ఆ పొట్టేలు ఫొటోకు రెండేళ్ల ముందే, అదే మ్యూజియంలో నూటయాభై ఏళ్లు దాటిన ఒక ఎలుకలబోనులో నిజంగానే ఎలుక పడి చచ్చిపోయింది. జీవితాంతం పనిచేస్తుందని దాని మీదే రాసుందట! ఇంకో చోటైతే గుట్టుచప్పుడు కాకుండా ఎలుకను పారేసి, బోను తుడిచి పెట్టేవారు. వీళ్లు ఆ సంగతి లోకానికి చెప్పుకున్నారు. ఆ తర్వాత 1784 నాటి ఒక లెక్కల నోటు పుస్తకం బయటికి తీశారు. కెంట్ ప్రాంతంలో రిచర్డ్ బీల్ అనే పదమూడేళ్ల రైతుబిడ్డ లెక్కలు చేస్తూ విసుగొచ్చి ప్యాంటు తొడుక్కున్న కోడిని గీశాడు. పరీక్షల ముందు పుస్తకంలో బొమ్మలు గీసే మన పిల్లలకు అతను ఇట్టే చుట్టమైపోయాడు.

పిల్లల్ని రప్పించాలంటే రీల్స్‌లో డాన్సులు చేయాలని కొందరనుకుంటారు. నాకు నమ్మకం లేదు. బీరువాలో ఏ అరలో ఏముందో తెలిసిన మనిషి కావాలి, అతనికి నవ్వే స్వేచ్ఛ కావాలి. ప్రతి వాక్యమూ నలుగురు అధికారుల సంతకాలు దాటి రావాలంటే ఎంత పొట్టేలైనా బక్కచిక్కిపోతుంది. మన దగ్గర చాలా మ్యూజియంల పేజీల్లో కనిపించేవి జ్యోతి ప్రజ్వలన, శాలువా, సెలవు ప్రకటన. లోపలున్న వస్తువు మాత్రం కనిపించదు. గంట కొట్టే మనిషి బొమ్మ బయటికి రావడం చూడ్డానికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం ముందు గంటగంటకూ జనం ఎలా గుమిగూడతారో తెలిసిందే. ఆసక్తికి కొరత లేదు.

లైకు కొట్టినవాళ్లందరూ గడప తొక్కరు, నిజమే. కానీ పేరే తెలియని చోటికి ఎవరూ రారు.

నా బాధంతా అమరావతి స్తూపం గురించి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో అక్కడ తవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గదిలో ఉన్నాయి. అందులో రెండువైపులా చెక్కిన ఒక ఫలకం ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వపు పని: బోధివృక్షం, ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బుద్ధుడి రూపం లేదు. కొన్ని వందల ఏళ్లకు అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. అక్కడ ద్వారంలో బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఒక నిమిషం వీడియోకి ఇంతకన్నా ఏం కావాలి? మా అమ్మాయి ఆ ఫలకం చుట్టూ రెండుసార్లు తిరిగి, ఈ సంగతి తనకింతవరకూ ఎవరూ ఎందుకు చెప్పలేదని నన్నే అడిగింది.

లండన్‌లో చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ మ్యూజియంకీ టికెట్టు లేదు. ఈ వారాంతం 33ఎ గదికి వెళ్లి, ఆ ఫలకం రెండువైపులా ఫోన్లో తీసి, తెలుగులో మాట్లాడి పెట్టండి.