ఇంజిను లేని రాకెట్టు

డాలస్ నుంచి వచ్చిన మేనమామ సూట్‌కేసు తెరిచేసరికి మేడ్చల్‌లో ఆ ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. అందరికీ చాక్లెట్లు. ఎనిమిదో తరగతి చదివే మేనకోడలికి మాత్రం ఓ పొడవాటి పెట్టె... రాకెట్ గ్లైడర్ కిట్! రాకెట్‌లా దూసుకెళ్లి, గద్దలా తేలుతూ దిగే బొమ్మ. లోపల పల్చటి బాల్సా చెక్కలు, అట్టగొట్టం, ముక్కులో పెట్టే బంకమట్టి అన్నీ ఉన్నాయి. ఇంజినే లేదు.

‘‘విమానంలో తేనివ్వరమ్మా’’ అన్నాడు మామ నొచ్చుకుంటూ. నిజమే. వేలెడంత ఆ ఇంజిన్లో ఉండేది తుపాకీ మందు. దాని మీద ఎ8-3 లాంటి అంకెలుంటాయి. ‘ఎ’ మొత్తం శక్తి ఏ తరగతో చెబుతుంది. 8 అంటే సగటున ఎనిమిది న్యూటన్ల తోపు. మంట ఆరిన మూడు సెకన్లకు చిన్నగా పేలి, బొమ్మని తేలే దశలోకి మారుస్తుందని చివరి అంకె అర్థం.

అమ్మాయి రాత్రంతా ఆలోచించింది. పొద్దున్నే తాత దగ్గర చేరి, ‘‘దీపావళి రాకెట్ల మందు తీసి ఇండ్ల నింపుదామా తాతా?’’ అంది.

ఏళ్ల తరబడి వడ్ల పని చేసిన ఆ పెద్దాయన ఎడమచెయ్యి చాపాడు. రెండు వేళ్లు సగం వరకే ఉంటాయి. రంపం కోసిందని ఇంట్లో అందరి నమ్మకం.

‘‘రంపం కాదు బిడ్డా. నీ అంతున్నప్పుడు ఇనుప గొట్టంల మందు కూరిన.’’

ఆ సంగతి కన్నకొడుక్కీ అప్పుడే తెలిసింది.

అసలు అలాంటి వేళ్లని కాపాడటానికే ఈ ఆట వ్యాపించింది. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో పిల్లలు గొట్టాల్లో మందు కూరడం మొదలుపెట్టారు. చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్, క్షిపణి కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ కలిసి, పిల్లలు మందు ముట్టుకోనక్కర్లేని రాకెట్లని బజారుకు తెచ్చారు.

ఇంజిను ఆశ వదిలేశారు. పైగా మేడ్చల్‌కి ఒకవైపు దుండిగల్, మరోవైపు హకీంపేట... రెండూ వైమానిక దళం శిక్షణ స్థావరాలే. ఆ ఆకాశంలోకి నిప్పుతో ఏదీ వదలకపోవడమే మంచిది. అయినా పైకెళ్లడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. ఇస్రో కూడా రెక్కలున్న తన వాహనాన్ని 2016లో రాకెట్ మీద పంపింది గానీ, రన్‌వే మీద దించడం నేర్పడానికి 2023లో చళ్లకెరె దగ్గర హెలికాప్టర్‌లో నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి వదిలేసింది. రాకెట్ లేకుండానే!

టేకుని చిత్రిక పట్టిన తాత చేతికి బాల్సా దూదిలా తగిలింది. రెక్క ముందంచు గుండ్రంగా, వెనకంచు పల్చగా రావాలని ఉప్పు కాగితంతో తనే రుద్దాడు. రెక్కలు కాస్త పైకి లేచి ఉండాలిగా... అందుకని ఫెవికాల్ ఆరేదాకా వాటి చివర్ల కింద అగ్గిపెట్టెలు పెట్టాడు. ముక్కు కింద చిన్న గాటు పెట్టి, ‘‘గులేరుతోని కొడదాం’’ అన్నాడు.

ఆదివారం తెల్లవారుజామున శామీర్‌పేట చెరువు శిఖంలోకి వెళ్లారు, గాలి లేవకముందే. మొదట చేత్తో మెల్లగా విసిరింది అమ్మాయి. ముక్కు నేలకి పొడిచింది. కాస్త మట్టి తీశారు. ఈసారి పైకి లేచి, ఆగి, కూలబడింది. తోక బరువైందన్నమాట. శనగగింజంత మట్టి మళ్లీ పెట్టారు. ఆ గింజ కోసం అరగంట పట్టింది. నాన్నకి ఆకలేసింది కూడా.

చివరికి రబ్బరు సాగదీసి, నిటారుగా కాకుండా కాస్త ఒరగబెట్టి వదిలింది. తాటిచెట్టంత ఎత్తుకి పోయింది. అక్కడ ఓ క్షణం తటపటాయించి, రెక్కలు సర్దుకుని, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నాన్న గడియారం చూస్తున్నాడు. పద్నాలుగు సెకన్లు!

తుమ్మచెట్టుకి తగిలి రెక్క చివర విరిగింది. అమ్మాయి మొహం చిన్నబోయింది. తాత అప్పటికే జేబులోంచి ఫెవికాల్ తీశాడు.

‘‘సాయంత్రానికి ఆరుతది. మళ్లొద్దాం’’ అన్నాడు.