రెండు కార్బురేటర్లు, ఒక రబ్బరు పైపు

మా ఇంట్లో సబ్బు అయిపోయిన రోజు నుంచీ చెప్పాలి ఈ సంగతి.

వంటింట్లోంచి "సబ్బు లేదండీ" అని కేకేశాను. షెడ్డుకు బయల్దేరుతున్న మా ఆయన వెనక్కి వచ్చి, జేబులోంచి ఐదొందల నోటు తీసి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. "డబ్బు లేదు" అని వినిపించిందంట! పక్కింటి అక్కతో చెబితే, "అట్లాంటి చెవుడు మా ఇంటాయనకూ వస్తే ఎంత బాగుండును" అని ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. అది నవ్వాల్సిన విషయం కాదని నాకు తెలిసింది ఆ తర్వాత ఆర్నెల్లకి, ఒక పాత రేసు కారు పుణ్యమా అని.

మాది మంత్రాలయం అని మీలో చాలామందికి తెలుసు. మా మామగారు మంత్రాలయం రోడ్ స్టేషన్ నుంచి మఠానికి అంబాసిడర్ టాక్సీ తోలేవారు. రైలు దిగిన కన్నడం వాళ్ళు, తమిళం వాళ్ళు అందరూ ఆ కారులోనే స్వామి దర్శనానికి వచ్చేవాళ్ళు. ఎనిమిది మంది ఎక్కితే తక్కువ, పదిమంది ఎక్కితే సరిపోయింది అన్న రోజులవి. ఆ కారు పక్కన నిలబడి రెంచీలు అందిస్తూ అందిస్తూ మా ఆయన మెకానిక్ అయ్యాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు మా షెడ్డు, సామాను, ఆ కారు అన్నీ మునిగిపోయాయి. బురదలోంచి బయటికి తీసి, కడిగి, దాచుకున్నది ఒక్కటే, ఆ అంబాసిడర్ కార్బురేటర్. ఇప్పటికీ షెడ్డులో దేవుడి పటం పక్కన ఉంటుంది. నేను పండక్కి దానిక్కూడా బొట్టు పెడతాను.

పోయిన మార్చిలో, ఎండ అప్పుడే కుమ్మేస్తోంది, బెంగళూరు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య ఇద్దరే పట్టే ఒక పొట్టి కారులో వచ్చారు. ఆదోని దాటినప్పటి నుంచీ బండి గునుస్తోందట. ఆగితే అంటుకోదు, అంటుకుంటే ఆగదు. ఎం.జి.ఏ. అంట దాని పేరు. ఇంగ్లండులో 1955 నుంచి 1962 దాకా చేశారట. పైకప్పు మడిచే రకం. మా వీధి పిల్లలంతా చుట్టూ మూగారు.

మా ఆయన బానెట్ ఎత్తి చూసి, నా వైపు తిరిగి, "ఏయ్ మే, ఇది మన అంబాసిడరే!" అన్నాడు. నిజమేనండీ. ఆ కారు ఇంజనూ, మన పాత పెట్రోలు అంబాసిడర్ ఇంజనూ ఒకటే వంశం. రెండూ 1489 సీసీ. మన అంబాసిడర్ కూడా ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిందే కదా. ఒకే ఇంట్లో పుట్టి ఒకామె పెళ్ళిచేసుకుని పదిమందికి వండి పెడుతుంటే, ఒకామె టెన్నిస్ ఆడుకున్నట్టు. తేడా ఎక్కడంటే, మా మామగారి బండికి కార్బురేటర్ ఒకటి. దీనికి రెండు.

కార్బురేటర్ అంటే మరేం లేదు, ఇంజనుకు వంట చేసే చోటు. ఇంత గాలికి ఇంత పెట్రోలు అని కలిపి లోపలికి పంపుతుంది. ఈ కారులో ముందు కార్బురేటర్ రెండు సిలిండర్లకి, వెనకది ఇంకో రెంటికి పెడుతుంది. పరుగెత్తే బండికి ఊపిరి ఎక్కువ కావాలి కాబట్టి ఇద్దరు వంటవాళ్ళన్నమాట. ఇబ్బందల్లా ఇద్దరూ ఒకేలా వండకపోతే వస్తుంది. మా ఆయన స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా గుడ్డ మీద పెట్టాడు. ముందు రెండూ కాటుక పట్టినట్టు నల్లగా ఉన్నాయి, అంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నాయి. వెనక రెండూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, అంటే చాలక మాడుతున్నాయి. పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. రోగం తెలిసిపోయింది, ఇంక కుదర్చడమే అన్నాడు.

పెద్దావిడ మా ఇంట్లో కూర్చుంది. ఉగ్గాని చేసి పెట్టాను. నేను కన్నడం అనుకుని తెలుగూ, ఆమె తెలుగు అనుకుని కన్నడమూ మాట్లాడుకున్నాం. ఒళ్ళో ఒక నీళ్ళ సీసా, తడిగుడ్డ పెట్టుకుని కూర్చుంటే, దాహమా అమ్మా అన్నాను. "నాకు కాదమ్మా, దానికి" అని కారు చూపించింది. ఎండకి కార్బురేటర్ దగ్గర పెట్రోలు మరిగిపోతే తడిగుడ్డ వెయ్యాలట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రయాణమంటే తన ఒళ్ళో అదేనట. మా అత్తగారు కూడా వేసవిలో ఊరికి పోతే అంబాసిడర్ పెట్రోలు పంపు మీద తడిగుడ్డలు మారుస్తూ కూర్చునేది. అది చెబితే ఆమె భలే నవ్వింది.

ఇంతలో బయట పని సాగుతోంది. నేను వాకిట్లోంచి చూస్తూనే ఉన్నాను. రెండు కార్బురేటర్లనీ కలిపే కడ్డీ బోల్టులు వదులు చేశాడు, దేనికదే విడిగా తిప్పుకోవడానికి. ఇంజను వేడెక్కనిచ్చి, ఒక బారెడు రబ్బరు పైపు తీసుకుని, ఒక కొన చెవిలో, ఇంకో కొన కార్బురేటర్ నోటి దగ్గర పెట్టాడు. లోపలికి పోయే గాలి బుసకొడుతుంది. ఆ బుస రెండింట్లో సమానంగా వినిపించేదాకా స్క్రూ తిప్పాలి. ఇది పాతకాలం పద్ధతి, ఇంగ్లండులోనూ ఇంతేనట. ముందుది విన్నాడు. వెనకది విన్నాడు. కొంచెం తిప్పాడు. మళ్ళీ విన్నాడు. "సమానం సార్" అన్నాడు.

నాకు పదడుగుల దూరం నుంచే తేడా తెలుస్తోంది. ముందుది "ష్‌ష్‌ష్" అని లావుగా, వెనకది "స్‌స్‌స్" అని సన్నగా. నేనేమీ సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. కానీ ట్యాంకు నిండబోతుంటే పైపు గొంతు మారడం, పెనం కాలిందో లేదో నీళ్ళు చిలకరిస్తే వచ్చే చుయ్ మోత, కుక్కర్ విజిల్ కొట్టబోయే ముందు పెట్టే బుస, ఇరవై రెండేళ్ళుగా ఈ చెవులు చేస్తున్న ఉద్యోగం ఇదే. ఎవరూ జీతం ఇవ్వలేదంతే.

మా ఆయన బోల్టులు బిగించేస్తున్నాడు. పెద్దాయన పర్సు తీస్తున్నాడు. నాకు గుండెల్లో దడ. అంతమందిలో "సరిగ్గా లేదు" అంటే ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలి? అనకపోతే వయసైన వాళ్ళిద్దరూ ఎండలో ఏ గుంతకల్లు దగ్గరో నిలబడిపోతే?

"ఏమండీ, వంటింట్లో గ్యాసు వాసన వస్తోంది, ఒక్కసారి రండి" అని పిలిచాను.

పరుగెత్తుకొచ్చాడు. సిలిండర్ దగ్గర వంగి వాసన చూశాడు. "ఏం లేదు కదా?"

"వాసన లేదులెండి. రెండు బుసలూ సమానంగా లేవు."

ముఖం ఎర్రబడింది. "ముప్పై ఏండ్ల నుంచి చేస్తాండ ఈ పని. నీకేం తెలుసు మే?"

పొయ్యి మీద కుక్కర్ ఉంది. ఆవిరి పట్టి వెయిట్ కింద నుంచి సన్నగా బుస మొదలైంది. "కుక్కర్ ఏమంటోంది?" అని అడిగాను.

"ఏమంటాది? ఇంకా విజిలే రాలేదు కదా?"

నేను మాట్లాడలేదు. ఆయన కుక్కర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, దగ్గరికి పోయి చెవి పెట్టాడు. ఆవిరి కనిపిస్తోంది. ఆయనకు వినిపించడం లేదు. సబ్బు గుర్తొచ్చింది నాకు. పక్కింటి అక్కతో నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఫోనులో పిల్లోడి మాట సరిగ్గా వినపడక, "అమ్మకిస్తాలే" అని నా చేతిలో పెట్టేయడం గుర్తొచ్చింది. విజిల్ వచ్చింది. అది మాత్రం విని ఉలిక్కిపడ్డాడు.

బయటికి పోయాడు. ఏమంటాడో అని నేను గడప దగ్గరే నిలబడ్డాను. పెద్దాయనతో, "సార్, ఒక్క పది నిమిషాలు, మళ్ళీ ఒకసారి చూస్తా" అని, బోల్టులు విప్పి, నన్ను పిలిచాడు. "ఈ పైపు పట్టుకో మే. నాకు రెండు చేతులూ స్క్రూల మీద ఉండాల."

కొంగు బిగించి వెళ్ళాను. నేను వింటాను, చెబుతాను, ఆయన తిప్పుతాడు. "వెనకది పెంచండి. ఇంకొంచెం. ఎక్కువైంది. సగం వెనక్కి." పైపు లోపల ఆ బుస ఎంత స్పష్టంగా ఉంటుందో! కార్బురేటర్ నోటికి మధ్యలో పెడితే ఒక మోత, అంచున పెడితే ఇంకో మోత. అందుకని రెండింటికీ ఒకే చోట పెట్టాలని నాకు రెండు నిమిషాల్లో అర్థమైంది. రెండూ ఒకటే గొంతులో కలిశాక, ఆయన వంతు వచ్చింది. కార్బురేటర్ కింద ఒక ఆరు పలకల నట్టు ఉంటుంది. దాన్ని ఒక్కో పలక చొప్పున పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. సరిపోయిందా లేదా చూడ్డానికి, లోపలి పిస్టన్‌ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో రవ్వంత, ఒక మిల్లీమీటరు కూడా కాదు, ఎత్తుతారు. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. చచ్చిపోబోతే తక్కువ. ఒక్క క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరి. ఈ మోత లావుది, కడుపులోంచి వచ్చేది. ఇది ఆయనకు నాకన్నా బాగా తెలుస్తుంది. నేను "సరిపోయింది" అన్న చోట కూడా, "లేదు మే, ఇంకొక పలక" అన్నాడు. ఆ పలక తిప్పాక చూస్తే నిజంగానే బండి నిమ్మళించింది.

నట్టు తిప్పితే మళ్ళీ బుస మారుతుంది కాబట్టి మళ్ళీ పైపు. మళ్ళీ నట్టు. పది నిమిషాలన్నది గంటన్నర అయింది. చివరికి కడ్డీ బిగించి ఇంజను వదిలేస్తే, బానెట్ మీద పెట్టిన నీళ్ళ గ్లాసులో అలలు సన్నగా వణికాయి తప్ప చుక్క ఒలకలేదు. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఏదో కన్నడంలో అంది. అర్థం కాలేదు కానీ వదల్లేదు.

ఆ రాత్రి మా మధ్య మాటల్లేవు. మూడో రోజు ఆయనే, "కర్నూలుకు ఎప్పుడు పోదాం?" అన్నాడు.

డాక్టరమ్మ ఒక గీత చూపించింది. లావు శబ్దాల దగ్గర తిన్నగా వచ్చి, 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడినట్టు దిగిపోయింది. ఏళ్ళ తరబడి గ్రైండర్, సుత్తి, సైలెన్సర్ లేని ఇంజన్లు. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయట, మోతకి ఒకసారి పోతే మళ్ళీ మొలవవట. మొదట పోయేవి ఈ సన్నటి శబ్దాలే, మాటల్లో శ, ష, స లాంటివి. నాకు బి.ఏ. క్లాసు గుర్తొచ్చింది. శ ష స హ, ఊష్మాలు. ఊష్మం అంటే వేడి, ఆవిరి. పరీక్షకు బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్న మాట, మా ఇంట్లో ఎప్పుడో పోయిందని నాకు తెలీదు. "ఎన్నాళ్ళ నుంచి?" అని డాక్టరమ్మ అడిగితే, ఆయన నేల చూస్తూ, "నాలుగైదేండ్లు" అన్నాడు. నాలుగైదేళ్ళు! పెదాలు చూసి నెట్టుకొచ్చాడన్నమాట. నేను వెనక్కి తిరిగి గిన్నెలు తోముతూ మాట్లాడినవన్నీ గాలికే పోయాయి. పలకడం లేదని నేను అలిగిన రోజులు కూడా.

మిషన్ కొన్నాం. షెడ్డులో గ్రైండర్ పట్టేటప్పుడు అది తీసేసి, చెవులకు మూతలు పెట్టుకోవాలని షరతు. పెట్టుకుంటాడు, నేను చూస్తున్నప్పుడు.

మా పిల్లోడు హైదరాబాద్ నుంచి ఫోను చేసి ఈ ఎస్.యు. కార్బురేటర్ల కథ చెప్పాడు. లండన్‌లో స్కిన్నర్ అనే ఆయన 1904లో కనిపెట్టాడట. వాళ్ళది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. ఇప్పుడు లోపల ఇత్తడి, అల్యూమినియం పిస్టన్ ఉండే చోట అప్పట్లో తోలు తిత్తి ఉండేదట. ఆ మొదటి తోలు తిత్తిని వాళ్ళమ్మ కుట్టడం గుర్తుందని ఆయన కొడుకు చెప్పాడట. ఎస్.యు. అంటే స్కిన్నర్ యూనియన్, అన్నదమ్ముల పేరు మీద. కుట్టినామె పేరు మీద కాదు. సరే, అది మనకు కొత్తా?

పిల్లోడే ఒక మీటరు కూడా పంపాడు. గాజు గొట్టంలో చిన్న బిళ్ళ తేలుతుంది, కార్బురేటర్ నోటికి ఆనిస్తే గాలి ఎంత లాగుతోందో కంటితో చూడొచ్చు. ఇది వచ్చాక నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆగస్టులో ఆరాధనకి ఆ పెద్దాయన దంపతులు అదే కారులో వచ్చారు. మొదట నా చేత పైపుతో వినిపించి, సమానం అన్నాక, మా ఆయన మీటరు ఆనించాడు. వెనక దాని మీద బిళ్ళ ఒక గోరంత పైకి లేచింది.

"నీక్కూడా వయసైతాంది మే" అని పగలబడి నవ్వాడు. వయసు కాదు, మఠం మైకులు మోగుతున్నాయి, వాటి గోలలో ఎవరికైనా అంతే అన్నాను. మిషన్ పెట్టుకున్నాడు కదా, అంతా వినపడింది.

పోతూపోతూ పెద్దాయన, తన స్నేహితుడి దగ్గర పాత జాగ్వార్ ఉందని, సంక్రాంతి తర్వాత పంపిస్తానని చెప్పాడు.

"దానికి మూడంట కార్బురేటర్లు" అన్నాడు మా ఆయన, అన్నం ముందు కూర్చుని.

మూడైతే మూడు. రేటు మాత్రం ఈసారి నాతో మాట్లాడమని చెప్పాను.